గురులఘు నిర్ణయమున సంజ్ఞల ప్రయోజనము

పద్యపాఠమును కంప్యూటరులోని కెక్కించిన పిమ్మట ఛందఃపరిశీలకుడు మొదట చేయించుకొనదగిన పని గురులఘు నిర్ణయము. అందులకు ప్రోగ్రామర్లు వాడు సాధనము రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. ఏ అక్షరముల కూర్పును వెదకవలెనో చిహ్నములతో తెలుపు సూత్రమిది. స్టీఫెన్ క్లీనీ 1956లో ప్రకటించిన గణితభావన దీనికి మూలము. కుండలీకరణములు, నక్షత్రములు, ప్రశ్నార్థకములు ఒకే పంక్తిలో కిక్కిరిసి యుండుటచే, కొంతకాలమైన పిదప వ్రాసినవాడే దానికి అర్థము చెప్పజాలడు.

ఒక విద్యార్థి అట్టి పంక్తి నొకదానిని నా యొద్దకు తెచ్చెను. ‘కవిత’ అను పదమును అది జగణముగా చూపుచున్నది. మూడును లఘువులే, నగణము కావలెను గదా! దోషమంతయు ఒక చిన్న అడ్డుగీతలో నున్నది. ఆకారపు గుర్తు మొదలు ఔకారపు గుర్తు వరకు గల గుణింతపు గుర్తులను ఆ గీతతో కలిపి, అన్నియు గురుచిహ్నములే యని అతడు వ్రాసినాడు. యూనికోడ్ వరుసలో ఆ రెంటి నడుమ ఇ, ఉ, ఋ, ఎ, ఒ అను హ్రస్వముల గుర్తులును కలవు. అందుచే ‘వి’ గురువైనది.

ఆ అడ్డుగీత మనకు క్రొత్త కాదు, అది ప్రత్యాహారమే. అయితే పదునాలుగు శివసూత్రముల వర్ణక్రమము వ్యాకరణకార్యములకై కూర్పబడినది. అందుచేతనే ‘ఇక్’ అనగానే కావలసిన వర్ణములు మాత్రమే వచ్చును. యూనికోడ్ క్రమము వర్ణమాల ననుసరించినదే గాని ఛందస్సు నెరిగి కూర్చినది కాదు.

స్విఫ్ట్ భాషలో 2022లో చేరిన రెజెక్స్ బిల్డర్ అను లైబ్రరీ యందు భాగములకు పేర్లు పెట్టి, ఆ పేర్లతోనే సూత్రమును కట్టవచ్చును. ముందు హల్లు, దీర్ఘచిహ్నము, సంయోగము అను సంజ్ఞలు చేయుదుము. దీర్ఘచిహ్నములు ఎనిమిదింటిని విడివిడిగా పేర్కొందుము. ఆ, ఈ మొదలగు పదాది దీర్ఘములకు సంజ్ఞ వేరు. హల్లు, పొల్లుగుర్తు, మరల హల్లు వరుసగా వచ్చిన సంయోగము. సంయోగము పరమైన హ్రస్వమును గురువనుటకు ‘లుక్ అహెడ్’ అను భాగమున్నది. అది ముందున్న దానిని చూచునే గాని తనలో కలుపుకొనదు. అష్టాధ్యాయి 1-4-11లో సంయోగశబ్దముపై నున్న సప్తమి చేయుపని యిదియే.

ఒక జాగ్రత్త. ఈ లైబ్రరీ స్వభావతః ‘వి’ని ఒకే యక్షరముగా గ్రహించును. యూనికోడ్ స్కేలర్లను విడివిడిగా చూడుమని మొదటనే విధింపకున్న గుడిగుర్తు దానికి కనబడదు.

ఇట్లు కట్టిన సూత్రమును ప్రోగ్రామింగు నెరుగని ఛందఃపండితుడును చదువగలడు. పూర్ణబిందువును, విసర్గను, పొల్లును మరచితిరని తప్పు పట్టగలడు. రేఫసంయోగమునకు ముందు తేలిపలుకు తెలుగు ప్రయోగములకు వేరొక సంజ్ఞ కావలెను. మా సూత్రములో అది యింకను చేరలేదు.