మెదక్ చర్చికి పిల్లలతో వెళ్లేముందు

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఉండే కుటుంబాలకు సెలవు రోజు వస్తే వెళ్లే చోట్లు కొన్నే ఉంటాయి. శామీర్‌పేట చెరువు, జింకల పార్కు, హైవే పక్కన ఏదో ఒక ధాబా. పిల్లలు అక్కడ ఆడుకుంటారు, తింటారు, సంతోషిస్తారు. కాదనను. కానీ మన మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు హైవేనే పట్టుకుని తూప్రాన్, చేగుంట దాటి రామాయంపేట దగ్గర ఎడమకు తిరిగితే మెదక్ వస్తుంది. సుమారు డెబ్భై కిలోమీటర్ల దూరంలో దేశంలోని పెద్ద చర్చిల్లో ఒకటి ఉంది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలున్న తల్లిదండ్రులు ఒక్కసారైనా వాళ్లను అక్కడికి తీసుకెళ్లాలని నా కోరిక. ఎలా తీసుకెళ్తే బాగుంటుందో నాకు తోచింది చెబుతాను.

ముందుగా పెద్దల మనసులో ఉండే సంకోచం గురించి. మన మతం వేరు కదా, అక్కడికెందుకని కొందరు వెనకాడతారు. పిల్లవాడు అయోమయపడతాడేమోనని భయం. ఇంట్లో దీపం పెట్టడం చూస్తూనో, నమాజు చూస్తూనో పెరిగిన పిల్లలకు తమది ఏమిటో బాగా తెలుసు. వాళ్లు మననుంచి నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది: మరొకరి ప్రార్థనా స్థలంలో ఎలా నిలబడాలో. తరగతి పుస్తకంలో ఎన్ని పాఠాలున్నా అది అమ్మానాన్నల పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. మీరు గొంతు తగ్గిస్తే వాళ్లూ తగ్గిస్తారు. ప్రార్థన చేసుకుంటున్నవారికి అడ్డు రాకుండా మీరు పక్కనుంచి నడిస్తే వాళ్లూ అలాగే నడుస్తారు.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు, రాత్రి అన్నం తినేటప్పుడు, ఆ చర్చి కథ చెప్పండి. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఇంగ్లండు మిషనరీ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ ప్రాంతానికి వచ్చాడు. అప్పుడిది నిజాం రాజ్యం. ఆయన తలపెట్టిన ఈ నిర్మాణం 1914లో మొదలైంది. ఒకపక్క మొదటి ప్రపంచ యుద్ధం, మరోపక్క ఇక్కడ కరువు. చుట్టుపక్కల ఊళ్ల జనం తిండి గింజలు లేక అల్లాడుతుంటే, ఉత్తగా దానం చేయకుండా చర్చి కట్టే పని ఇచ్చి తిండి పెట్టారు. మన ఊళ్లలో ఉపాధి హామీ పనికి వెళ్లేవాళ్లు కరువు పనికి పోతున్నామంటారు కదా, ఆ మాట విన్న పిల్లలకు ఇది వెంటనే అర్థమవుతుంది. పదేళ్ల శ్రమ తర్వాత 1924 డిసెంబర్ 25న చర్చిని ఆరాధనకు అంకితం చేశారు.

ఇక్కడ తెలివైన పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు: ‘నాన్నా, ఆయన మతం మార్చడానికే వచ్చాడా?’ దాటవేయకండి. తన మతాన్ని వ్యాప్తి చేయడానికే వచ్చాడు, కరువులో జనానికి అన్నం దొరికేలా కూడా చేశాడు, రెండూ నిజమే అని చెప్పండి. ఒకే మనిషి గురించి రెండు నిజాలను పక్కపక్కన పెట్టుకుని చూడగలగడం చరిత్ర చదవడంలో మొదటి మెట్టు. పదేళ్ల పిల్లలకు అది అందుతుంది. మనం కోపంతోనో, భక్తితోనో ఒక్క నిజాన్నే చేతికిస్తే మాత్రం అందదు.

వెళ్లే రోజు ఉదయాన్నే బయల్దేరండి. ఎండ బాగా ఉన్న రోజు ఎంచుకోండి, కారణం కిందే చెబుతాను. ఆదివారం ఉదయం ఆరాధన జరుగుతుంది. కూర్చుని వినాలనుకుంటే తప్ప మరో రోజు మేలు. క్రిస్మస్ నాడు తెల్లవారకముందే జనం పోటెత్తుతారు, చిన్న పిల్లలతో కష్టం. 2022లో అక్కన్నపేట నుంచి మెదక్‌కు రైలు మార్గం కూడా వచ్చింది. కాచిగూడ నుంచి మెదక్ వెళ్లే బండి మేడ్చల్ మీదుగానే పోతుంది, వేళలు ముందుగా చూసుకుని అలా వెళ్తే పిల్లలకు ఇంకా సరదా. చెప్పులు ఎక్కడ విడవాలి, ఫొటో తీయొచ్చా అన్నవి అక్కడివారిని మీరు అడగకుండా పిల్లలతో అడిగించండి. అనుమతి అడగడం వాళ్ల నోటికి అలవాటవుతుంది.

ఆవరణలోకి అడుగుపెట్టగానే లోపలికి పరుగెత్తకండి. గంట గోపురం ఎత్తు 175 అడుగులు. మీ అపార్టుమెంటు ఎన్ని అంతస్తులో, దీనితో పోలిస్తే ఎంతో పిల్లల్నే లెక్క కట్టమనండి. చర్చి వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు. గజాల్లోకి మారిస్తే రెండు వేల రెండు వందలు దాటుతుంది, అంటే మన వైపు వేసే రెండు వందల గజాల ప్లాట్లు పదకొండు. ఇక్కడ ఐదు వేల మంది దాకా కూర్చోవచ్చని చెబితే నోరెళ్లబెడతారు.

తర్వాత కమానుల వైపు చూపించండి. పైకి వెళ్లేకొద్దీ రెండు వంపులు కలిసి మొనదేలుతాయి. ఆ మొన వల్ల బరువు పక్కలకు తక్కువగా తోసి కిందికి ఎక్కువగా దిగుతుంది. అందుకే అంత ఎత్తు సాధ్యమైంది. ఐరోపాలో పన్నెండో శతాబ్దంలో పుట్టిన ఈ పద్ధతి పేరు గోతిక్. ఎప్పుడైనా గోవా వెళ్తే పాత గోవాలో 1605లో అంకితమైన బోమ్ జీసస్ బసిలికా చూపించండి. అది పోర్చుగీసువారి కాలపు బరోక్ పద్ధతి. బంగారు పూతతో మెరిసే బలిపీఠం, మెలికలు తిరిగిన స్తంభాలు, నిండా చెక్కడాలు ఉంటాయి. మెదక్‌లో రాయి, ఎత్తు, వెలుతురు మాట్లాడతాయి. రెండూ చూసిన పిల్లలకు తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎండ ఎందుకన్నానంటే, లోపలి రంగుటద్దాల కిటికీల కోసం. క్రీస్తు పుట్టుక, సిలువ, పరలోకానికి ఎక్కిపోవడం, ఇవీ ఆ మూడు కిటికీల కథలు. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాల్స్‌బరీ వీటిని రూపొందించాడు. బయటి వెలుగు ఉంటేనే లోపల బొమ్మలు వెలుగుతాయి, పొద్దు గూకితే నల్లబడిపోతాయి. ఇక్కడ పిల్లల్ని కూర్చోబెట్టండి. వివరించకండి. పది నిమిషాలు వాళ్ల కళ్లకు వదిలేయండి. మీ ఫోను జేబులోనే ఉండనివ్వండి. ఆ తర్వాత ఒక లెక్క అడగండి: ఈ కిటికీలు 1927లో, 1947లో, 1958లో వచ్చాయి, చర్చి తెరిచింది 1924లో, చివరి కిటికీకి ఎన్నేళ్లు పట్టింది? ముప్పై నాలుగేళ్లు. ఈ మధ్యలో నిజాం రాజ్యం పోయింది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. రేపటికల్లా అన్నీ కావాలనే వయసు పిల్లలకు ఈ లెక్క మన ఉపదేశం కన్నా బాగా పనిచేస్తుంది.

తిరుగు ప్రయాణానికి తొందర లేకపోతే మెదక్ కోట ఎక్కించండి, లేదా మంజీర ఏడు పాయలుగా చీలిన ఏడుపాయల వనదుర్గమ్మ గుడికి తీసుకెళ్లండి. ఒకే జిల్లాలో, ఒకే రోజున రెండు రకాల మొక్కులు చూస్తారు. కొవ్వొత్తి వెలిగించే తల్లి, కొబ్బరికాయ కొట్టే తల్లి, ఇద్దరూ అడిగేది పిల్లల ఆరోగ్యమేనని వాళ్లే గమనిస్తారు.

అంత దూరం కుదరని ఇళ్లవారు బొల్లారం నుంచి మొదలుపెట్టండి. 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి అక్కడ ఉంది, విక్టోరియా రాణి సొంత డబ్బు ఇచ్చి కట్టించినది. 1983 నవంబర్ 20న రెండో ఎలిజబెత్ రాణి తన పెళ్లిరోజున ఇక్కడ ప్రార్థనకు వచ్చింది. మన ఇంటి నుంచి అరగంట దూరంలో ఇంత చరిత్ర ఉందని పిల్లలకు తెలియాలి.

ఇంటికొచ్చాక వ్యాసం రాయమని వేధించకండి. అదంతా బడికి వదిలేసి, నీకేది నచ్చింది, ఏది అర్థం కాలేదు అని రెండే ప్రశ్నలు అడగండి. అర్థం కానిదానికి జవాబు మీకు తెలియకపోతే, క్లాసులోనో కాలనీలోనో ఉన్న క్రైస్తవ స్నేహితుణ్ణి అడగమని చెప్పండి. అలా అడిగిన పిల్లవాడు, రేపు ఆ స్నేహితుడు మన పండక్కి వచ్చి ఇదెందుకు చేస్తారని అడిగితే ఓపిగ్గా చెబుతాడు. మేడ్చల్‌లో గుడి, మసీదు, చర్చి ఒకే బజారులో పక్కపక్కన ఉంటాయి, వాళ్లు పెరిగి బతకబోయేది ఆ బజారులోనే. ఈ సెలవుల్లోనే ఒక రోజు పెట్టుకోండి.