పల్లెవెలుగు ఎక్కే ముందు

హనుమకొండ

మాధవీ,

నువ్వు పంపిన ప్రశ్నపత్రం అందింది. ఆరు పేజీలూ చదివాను. ముక్కూమొహం తెలియని మనుషులు ఆర్టీసీ బస్సులో ఒకరితో ఒకరు ఎలా మెలుగుతారన్నది పీహెచ్‌డీకి మంచి విషయమే. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక బండిలో ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరు ఎవరితో గొడవ పడతారన్నదంతా మారింది కాబట్టి సమయం కూడా కలిసొచ్చింది. ప్రశ్నపత్రాన్ని మాత్రం ఇప్పుడే అచ్చు వేయించకు.

పదిహేడో ప్రశ్న చూడు. "బస్సులో మీ పక్క సీట్లో ఏ కులం వారు కూర్చున్నా మీకు అభ్యంతరం ఉంటుందా?" అవును, లేదు, చెప్పలేను. బిడ్డా, మెడలో యూనివర్సిటీ కార్డు వేలాడుతూ, చేతిలో పెన్ను పట్టుకుని నిలబడిన పిల్ల అడిగితే ఎవరైనా ఏం చెబుతారు? "గట్లాంటివి మాకేం లేవమ్మా" అంటారు. అది అబద్ధమని నేననడం లేదు. అప్పుడు వాళ్లు మాట్లాడుతున్నది నీతో, పక్క సీటు మనిషితో కాదు. నీకు మర్యాదగా జవాబు చెప్పడం ఒక పని. చంకలో మూట పెట్టుకున్న ముసలామె వచ్చి నిలబడినప్పుడు జరిగి చోటివ్వడమో, సంచీ అడ్డం పెట్టి కిటికీ వైపు తిరగడమో ఇంకో పని. నువ్వు పరిశోధిస్తానన్నది రెండోదాన్ని.

సోషియాలజీ చెప్పినన్నాళ్లూ ఏటా మొదటి క్లాసులో రిచర్డ్ లాపియర్ ప్రయాణం గురించే చెప్పేదాన్ని. ఆయన స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసేవాడు. 1930ల మొదట్లో ఒక చైనా యువకుణ్ణీ అతని భార్యనూ వెంటబెట్టుకుని కారులో అమెరికా అంతా తిరిగాడు. చైనా వాళ్లను దేశంలోకి రానివ్వకూడదన్న చట్టం అప్పటికింకా అమల్లో ఉంది. ముగ్గురూ కలిసి 251 లాడ్జీలూ హోటళ్లూ ఎక్కి దిగారు. పొమ్మన్నది ఒకే ఒక్కచోట. ఆర్నెల్లు ఆగి, చైనా జాతివాళ్లను అతిథులుగా రానిస్తారా అని అడుగుతూ అవే చోట్లకు ఉత్తరాలు రాశాడు. 128 చోట్ల నుంచి జవాబులొచ్చాయి. వాటిలో 90 శాతానికి పైగా "రానివ్వం" అన్నాయి. 1934లో ఇది అచ్చయింది.

దీన్ని అలాగే మింగేయకు. లొసుగులున్నాయి. ఉత్తరానికి జవాబు రాసింది యజమాని కావచ్చు, ఆ రాత్రి గది తాళంచెవి ఇచ్చింది గుమాస్తా కావచ్చు. ఆ దంపతులు చక్కగా తయారయ్యేవాళ్లు, మంచి ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు, పైగా వెనక ఒక తెల్లదొర ఉన్నాడు. లాపియర్ కొన్నిచోట్ల సామాను సర్దుకుంటున్నట్టు కావాలనే వెనకబడి, ముందు వాళ్లనే లోపలికి పంపేవాడు. నన్నడిగితే ఈ లొసుగుల్లోనే అసలు సంగతంతా ఉంది. కౌంటరు దగ్గర పని జరిపించింది బట్టలు, నవ్వు, మాటతీరు, చేతిలోని పెట్టె. కాగితం మీద అడిగిన ప్రశ్నలో ఇవేవీ ఉండవు. అక్కడ ఉన్నది "చైనావాడు" అన్న మాటొక్కటే.

మన దగ్గర ఇది తలకిందులు. నోటితో కాదంటాం, చేతితో చేస్తాం. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ రాసిన వ్యాసం మీ లైబ్రరీలోనే దొరుకుతుంది. 66 వారాల పాటు పత్రికల్లో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువులు సరిసమానం, పేర్లే వేరు. అగ్రకులాల పేరుకు పిలుపొచ్చే అవకాశాన్ని ఒకటి అనుకుంటే దళిత పేరుకు అది దాదాపు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడో వంతు. అదే ఏడాది సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ కంపెనీల్లో ఉద్యోగాలిచ్చే వాళ్లనే కూర్చోబెట్టి మాట్లాడారు. అందరూ ప్రతిభే చూస్తామన్నారు. ఆ నోటితోనే, అభ్యర్థి కుటుంబ నేపథ్యం అడుగుతామనీ అన్నారు. ఈ "కుటుంబ నేపథ్యం" గుర్తుంచుకో. బస్సులో నీకు ఇదే ఎదురవుతుంది, ఇంకా నేర్పుగా.

కాబట్టి మొదటి నెల ఏమీ అడగకు. హనుమకొండ–నర్సంపేట పల్లెవెలుగు ఎక్కు, కూర్చో, దిగు. 1936లో విలియం ఫుట్ వైట్ అనే కుర్రవాడు హార్వర్డ్ ఫెలోషిప్ మీద బోస్టన్ నార్త్ ఎండ్‌లోని ఇటాలియన్ పేటకు వెళ్లాడు. వాళ్ల భాష నేర్చుకుని, ఒక కుటుంబంతో కలిసి ఉన్నాడు. వీధి కుర్రాళ్ల నాయకుడు (పుస్తకంలో పేరు డాక్) అతణ్ణి ఒకసారి గట్టిగానే మందలించాడు. ఎవరు, ఎందుకు, ఎప్పుడు అని గుచ్చి గుచ్చి అడిగితే జనం నోరు మూసుకుంటారు, నిన్ను ఒప్పుకున్నాక ఊరికే వాళ్ల మధ్య ఉంటే చాలు, జవాబులు వాటంతటవే వస్తాయన్నాడు. వైట్ ఆ మాట పట్టుకుని, రాత్రిళ్లు వాళ్లతో బౌలింగ్ ఆడుతూ కూర్చున్నాడు. ఆ ఆటలో వచ్చే మార్కుల వరుస, ముఠాలో ఎవరి మాట ఎంత చెల్లుతుందన్న వరుస దాదాపు ఒకటేనని అక్కడే పట్టుకున్నాడు. కింది వరుస కుర్రాడు మామూలు రోజుల్లో ఎంత బాగా ఆడినా, పందెం రోజు మిగతావాళ్ల ఎగతాళికి చేయి తడబడేది. ఇలాంటిది ఏ ప్రశ్నపత్రంలో వేస్తావు? 1943లో వచ్చిన ఆ పుస్తకం చదువు. తర్వాతి ముద్రణలో చేర్చిన అనుబంధం ముందు చదువు, అసలు పుస్తకం కంటే నాకు అదే ఇష్టం.

నీకు బౌలింగ్ లేదు, కర్చీఫ్ ఉంది. బండి ఇంకా ఆగకముందే కిటికీలోంచి సీటు మీద పడే కర్చీఫ్, తువ్వాల, టిఫిన్ డబ్బా. ఎవరి కర్చీఫ్ చూసి జనం పక్కకు తప్పుకుంటారు? ఎవరిదాన్ని తీసి పక్కన పెట్టి దర్జాగా కూర్చుంటారు? డబ్బులు పెట్టి టికెట్ కొన్నా నిలబడే పోతున్నామని మగవాళ్లు గొణిగినప్పుడు ఎవరు బదులిస్తారు, ఎవరు తల దించుకుంటారు, కండక్టర్ ఎవరి పక్షాన మాట్లాడతాడు? రోజూ అప్ అండ్ డౌన్ చేసే టీచరమ్మలు, అంగడి రోజు గంపతో ఎక్కే ఆమె, ఇద్దరి చేతిలోనూ జీరో టికెట్టే. ఇద్దరికీ సీటు ఒకేలా దొరుకుతుందేమో చూడు.

ఆ తర్వాత చెవి పెట్టు. పక్కన ఎవరైనా కొత్తవాళ్లు కూర్చుంటే మొదటి మాట "ఏ ఊరు బిడ్డా?" రెండోది "ఏ వాడకట్టు?" మూడోది "ఎవరి బిడ్డవు?" ఇంటి పేరు చెప్పేసరికి సగం తేలిపోతుంది, మిగతాది తినేదాన్ని బట్టి, చేసుకునే పండగను బట్టి. కులం అన్న మాట ఎవరి నోటా రాదు. ఆ తర్వాత మాటల వరస మారుతుంది, వావి కలుపుకుంటారు లేదా ఫోను తీస్తారు. దీన్ని చాలామంది రాశారు. అడిగించుకునే మనిషి ఎలా తప్పించుకుంటుందన్నది మాత్రం తక్కువ మంది రాశారు. నీ పని అక్కడుందని నాకనిపిస్తోంది. "ఏ ఊరు" అంటే "హైదరాబాద్ నుంచి వస్తున్నా" అనడం, "ఎవరి బిడ్డవు" అంటే "మీకు తెల్వదు లే అమ్మా" అనడం, రాని ఫోను ఎత్తడం, వినపడనట్టు "ఆఁ?" అనడం.

ఈ "ఆఁ?" మీద ఒక పెద్ద శాస్త్రమే నిలబడింది తెలుసా? 1960ల మొదట్లో హార్వీ శాక్స్ లాస్ ఏంజిలెస్‌లో ఆత్మహత్యల నివారణ కేంద్రానికి వచ్చే ఫోన్ల రికార్డింగులు వింటూ కూర్చున్నాడు. ఫోనెత్తిన ఉద్యోగి తన పేరు చెబితే అవతలి వాళ్లూ చెబుతారన్నది అక్కడి పద్ధతి. ఒకసారి ఉద్యోగి పేరు చెబితే అవతలివాడు "వినపడటం లేదు" అన్నాడు. ఉద్యోగి మళ్లీ చెప్పాడు. అతను ఆ పేరును తిరిగి అన్నాడు, ఇతను అవునన్నాడు, మాట ముందుకు వెళ్లిపోయింది. పేరు చెప్పాల్సిన చోటు దాటిపోయింది. ఇవ్వనని అనకుండానే ఇవ్వకుండా తప్పుకున్నాడు. ఇలాంటి చిన్నచిన్న మలుపుల నుంచే సంభాషణ విశ్లేషణ పుట్టింది. శాక్స్ 1975లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. విద్యార్థులకు చెప్పిన పాఠాలు 1992లో రెండు సంపుటాలుగా వచ్చాయి. ఖరీదైనవి, కొనకు, లైబ్రరీలో చదువు.

అక్కడివాళ్లు కనిపెట్టిన ఫలితాన్ని తెచ్చి మన బండికి తగిలించకు. స్టాన్లీ మిల్‌గ్రామ్ 1970లలో తన విద్యార్థులను న్యూయార్క్ మెట్రో రైల్లో కూర్చున్నవాళ్ల దగ్గరికి పంపి, ఏ కారణమూ చెప్పకుండా సీటు అడగమన్నాడు. మూడింట రెండు వంతుల మంది లేచారు, లేదా జరిగారు. అడగడానికి మాత్రం విద్యార్థులు గడగడలాడారు. స్వయంగా వెళ్లిన మిల్‌గ్రామ్‌కు కూడా మాట గొంతులోనే ఆగిపోయిందట. నర్సంపేట బండిలో "జర జరుగుండ్రి" అనడానికి ఎవరి గొంతూ ఎండదు. ఇక్కడ గొంతు ఎండిపోయే చోటు ఇంకెక్కడో ఉంది, అది నువ్వు వెతకాలి. అలాగే 2009లో పది భాషల్లో మాటకూ బదులుకూ మధ్య ఎంత ఎడం ఉంటుందో కొలిచారు. సగటున సెకనులో అయిదో వంతు. ఆ పదింటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు. ఆ పని నువ్వు చేయొచ్చు, కాకపోతే బస్సులో కాదు, ఇంట్లో, ఒప్పుకున్న వాళ్ల మాటలతో.

ఫోను ఒళ్లో పెట్టుకుని చాటుగా రికార్డు చేద్దామని నీకు తప్పకుండా తడుతుంది. చేయకు. విన్నది దిగాక, బస్టాండు బెంచీ మీద కూర్చుని రాసుకో. అన్నమాట అన్నట్టు రాయి, నీ వ్యాఖ్య పక్క పేజీలో రాయి. ఆ రోజే రాయి, పొద్దున్నకి సగం పోతుంది. ఇక దాచుకోవడం: ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు ప్రాంతంలోని రాంపుర అనే పల్లె మీద పద్దెనిమిదేళ్లుగా తయారుచేసుకున్న నోట్సు, మూడు ప్రతులూ, 1970 ఏప్రిల్ 24న స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో పెట్టిన నిప్పులో కాలిపోయాయి. మూడు ప్రతులున్నాయి కానీ మూడూ ఒకే గదిలో ఉన్నాయి. ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి పుస్తకం రాశాడు, 1976లో వచ్చింది, గొప్పగా ఉంది. నువ్వు అలా రాయగలవనుకోకు, ఒక ప్రతి నాకు పంపు.

పేర్లు మార్చేస్తాను కదా అని కూడా ధీమా పడకు. 1958లో ఆర్థర్ విడిచ్, జోసెఫ్ బెన్స్‌మన్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊరి మీద పుస్తకం రాశారు. ఊరి పేరు మార్చారు, మనుషుల పేర్లు మార్చారు. ఊళ్లో వాళ్లకు ఎవరు ఎవరో ఇట్టే తెలిసిపోయింది. పుస్తకం వచ్చాక స్వాతంత్ర్య దినోత్సవ ఊరేగింపులో ఎరువు జల్లే బండి ఒకటి తెచ్చి, దాని మీద పెంటలోకి వంగి చూస్తున్న రచయిత బొమ్మ పెట్టి తిప్పారు. దొంగపేరు బయటివాళ్ల నుంచి కాపాడుతుంది, సొంత ఊరివాళ్ల నుంచి కాదు. నీ రూటులో పొద్దున ఏడింటి బండికి కండక్టర్ ఒక్కడే. ఏ పేరు పెట్టినా డిపోలో అతన్ని గుర్తుపడతారు. అతని ఉద్యోగానికి చేటు తెచ్చే మాట ఎంత రుచికరంగా ఉన్నా థీసిస్‌లోకి రానీయకు. నువ్వెవరో, ఎందుకు రోజూ ఎక్కుతున్నావో అతనికి మొదటి వారంలోనే చెప్పు. డిపో మేనేజర్‌కు ఒక కాగితం ఇవ్వు.

మీ గైడు శాంపుల్ ఎంత అని అడుగుతారు. మనుషుల లెక్క చెప్పకు, ట్రిప్పుల లెక్క చెప్పు. పొద్దున, సాయంత్రం, అంగడి రోజు, మామూలు రోజు, బడి ఉన్నప్పుడు, లేనప్పుడు. ఒక నెల చూసొచ్చాక ఆ ఆరు పేజీల్లో ఏ ప్రశ్నలు మిగులుతాయో నువ్వే చెబుతావు. పదిహేడోది మిగలదని నా పందెం.

మంగళవారం నుంచి వస్తానన్నావుగా, మా ఇంట్లోనే ఉండు. ఆధార్ కార్డు తెచ్చుకో, నీకూ జీరో టికెట్టే. మీ ఆఫీసు వాళ్లు సున్నా రూపాయల టికెట్‌కు ప్రయాణ ఖర్చు ఇవ్వరు. అయినా వాటిని పారేయకు. తారీఖు, వేళ, ఎక్కిన చోటు, దిగే చోటు అన్నీ దాని మీదే అచ్చయి ఉంటాయి. ఆ సిరా తొందరగా వెలిసిపోతుంది కాబట్టి ఏ రోజుకారోజు నోట్సులో ఎక్కించుకో.

ఆశీస్సులతో
మీ పెద్దమ్మ