సుర్మా, స్కార్ఫు, నలభై దాటిన ముఖం: అలంకరణ వెనక ఉన్న విజ్ఞానం

అలంకరణ సామగ్రి కొనేటప్పుడు రంగు నప్పుతుందా, చర్మానికి పడుతుందా అన్నవి అందరికీ ఉండే ప్రశ్నలు. ముస్లిం మహిళకు వీటితో పాటు మరికొన్ని ఉంటాయి. ఇది పూసుకుంటే వజూ చెల్లుతుందా? ఇందులో జంతువుల కొవ్వు గానీ మద్యం గానీ ఉందా? తలకు స్కార్ఫు చుట్టుకున్నాక ముఖం ఎలా కనిపిస్తుంది? వయసు నలభై, యాభై దాటితే ‘ఇప్పుడు నాకివన్నీ ఎందుకు’ అన్న సంకోచం కూడా తోడవుతుంది. ఏది ధర్మసమ్మతమో చెప్పవలసింది ఆలిములు. కానీ ఈ ప్రశ్నల లోపల బోలెడంత రసాయన శాస్త్రం, కొంత భౌతిక శాస్త్రం దాగి ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రం అందం దగ్గర ఆగకుండా ఎముకల దాకా వెళ్తుంది.

వయసు ముఖంలో ఏం మారుస్తుంది?

ముడతలు, తెల్ల వెంట్రుకలు అని చటుక్కున చెప్పేస్తాం. వీటికంటే ముందే మన కన్ను పసిగట్టే మార్పు ఇంకొకటి ఉంది. కళ్లు, కనుబొమలు, పెదవులు చుట్టూ ఉన్న చర్మం నుంచి ఎంత విడిగా కనిపిస్తాయన్నదే ఆ మార్పు. వయసు పెరిగే కొద్దీ పెదవుల ఎరుపు తగ్గుతుంది, కనుబొమలు పలచబడతాయి, చర్మపు ఛాయ మారుతుంది. దాంతో వీటి మధ్య తేడా చెరిగిపోతూ వస్తుంది. ఫ్రాన్స్, అమెరికా పరిశోధకులు కలిసి 2013లో ప్రచురించిన అధ్యయనం దీన్ని కొలిచి చూపింది. ఫొటోల్లో ఈ తేడాను కాస్త పెంచితే అదే ముఖం వయసు తక్కువగా కనిపించిందని, తగ్గిస్తే ఎక్కువగా కనిపించిందని అందులో తేలింది. తర్వాత 2017లో వేర్వేరు దేశాల స్త్రీల ముఖాలతో చేసిన అధ్యయనంలో కూడా ఇలాంటి ధోరణే కనిపించింది.

దీన్నిబట్టి యాభై దాటినవారు ముఖమంతా మందంగా ఫౌండేషన్ పూయడం కంటే కనుబొమలను పెన్సిల్‌తో కొద్దిగా నింపడం, పెదవులకు వాటి సహజ రంగు కంటే ఒక మెట్టు ముదురు రంగు వేయడం ఎక్కువ ఫలితమిస్తాయి. ఖర్చూ తక్కువే. మందపు పూత చేసే పని దీనికి సరిగ్గా వ్యతిరేకం. అది ముఖాన్నంతా ఒకే రంగుకు తెచ్చి, ఉన్న కాస్త తేడానూ కప్పేస్తుంది.

ముడతల దగ్గర భౌతిక శాస్త్రం మొదలవుతుంది. మెరుపు పౌడర్లలో ఉండేది అభ్రకం. దాని రేకులు చిన్న చిన్న అద్దాల్లా కాంతిని ఒకే దిక్కుకు తిప్పి కొడతాయి. నున్నటి చెంప మీద అది నిగారింపు. ముడత మీద మాత్రం గట్టు మెరిసి, లోయ నల్లబడి, గీత ఇంకా స్పష్టమవుతుంది. కాంతిని అన్ని వైపులకూ చెదరగొట్టే సన్నని గుండ్రటి సిలికా రేణువులున్న పౌడర్ అయితే ఆ గీతను కొంత మసకబారుస్తుంది. పెదవి అంచు దాటి లిప్‌స్టిక్ పాకడానికి కారణం దీపపు వత్తి నూనెను పైకి లాక్కునే సూత్రమే. పెదవి చుట్టూ ఉన్న సన్నని ముడతలు కేశనాళికల్లా పనిచేసి రంగులోని నూనెను లాగుతాయి. మైనం ఎక్కువ, నూనె తక్కువ ఉన్న పెన్సిల్‌తో ముందుగా అంచు గీస్తే అది చిన్న కరకట్టలా అడ్డుకుంటుంది.

గుడ్డ కూడా మేకప్పే

స్కార్ఫు కట్టుకున్నప్పుడు జుట్టు, చెవులు, మెడ కనిపించవు. ముఖం పక్కన మిగిలేది గుడ్డ రంగు ఒక్కటే. పక్కపక్కనే ఉన్న రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపిస్తాయని క్షుణ్ణంగా వివరించినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్. పారిస్‌లోని గోబ్లెన్ తివాచీల కార్ఖానాలో అద్దకాల విభాగానికి అధిపతిగా ఉండగా, కొన్ని రంగులు వెలిసిపోయాయని వచ్చిన ఫిర్యాదులను పరిశీలించాడు. లోపం రంగులో కాదు, దాని పక్కన నేసిన దారంలో ఉందని గ్రహించాడు. ఆ పరిశోధన 1839లో పుస్తకంగా వచ్చింది. (ఇప్పటి క్రీముల్లో ఉండే స్టియరిక్ ఆమ్లాన్ని కొవ్వుల నుంచి వేరు చేసినవాడూ ఆయనే. అలా చూస్తే అలంకరణ పెట్టెకు ఆయన రెండు విధాలుగా బంధువు.)

నల్ల గుడ్డ పక్కన అదే ముఖం కొంచెం తేటగా, తెల్ల గుడ్డ పక్కన కొంచెం ముదురుగా అనిపిస్తుంది. ఆకుపచ్చ పక్కన చర్మంలోని ఎరుపు పైకి తేలుతుంది, కాబట్టి మొటిమల ఎర్రదనం ఉన్నవారికి అది అంతగా కలిసిరాదు. అయితే గుడ్డ మరో పని కూడా చేస్తుంది. లేత రంగు గుడ్డ ఫొటోగ్రాఫర్ పట్టుకునే తెల్ల అట్టలా గడ్డం కింది నుంచి వెలుగును ముఖం మీదికి పంపి, ముడతల నీడలను పలచబరుస్తుంది. నలుపు ఆ వెలుగును మింగేస్తుంది. అందుకే పెద్ద వయసువారికి దంతపు రంగు, లేత గులాబీ లాంటివి నప్పుతాయని పెద్దమ్మలు చెప్పే మాటలో పస ఉంది. నల్ల బురఖాయే వేసుకునేవారు లోపల కట్టే స్కార్ఫు అంచు లేత రంగుది అయ్యేలా చూసుకుంటే సగం పని అయిపోతుంది. అన్నట్టు, రంగు ఎంచుకునేటప్పుడు కొట్లోని ట్యూబులైటును నమ్మవద్దు. గుమ్మం దాకా వచ్చి పగటి వెలుగులో చూడాలి.

సుర్మాలో ఏముంది?

హైదరాబాద్ చార్మినార్ చుట్టుపక్కల అత్తరు సీసాల పక్కనే చిన్న చిన్న సుర్మా డబ్బాలు కనిపిస్తాయి. ముస్లిం కుటుంబాల్లో ఆడా మగా, పిల్లా పెద్దా అందరూ పెట్టుకునే వస్తువు ఇది. సంప్రదాయ గ్రంథాలు ‘ఇస్మిద్’ అని పేర్కొన్న రాయిని ఆంటిమొని ఖనిజంగా, అంటే ఆంటిమొని సల్ఫైడుగా చాలామంది గుర్తిస్తారు. సమస్య ఏమిటంటే, ఇదే బూడిద నలుపు, ఇదే తళుకు ఉన్న ఇంకో ఖనిజం చవకగా దొరుకుతుంది. దాని పేరు గెలీనా, అంటే లెడ్ సల్ఫైడు. అది సీసపు ఖనిజం. బరువులో 86 శాతానికి పైగా సీసమే. వివిధ దేశాల్లో సుర్మా నమూనాలను పరీక్షించినప్పుడు చాలావాటిలో బయటపడింది ఈ గెలీనాయే. పొడి కొట్టాక రెండింటినీ కంటితో చూసి తేడా చెప్పడం సాధ్యం కాదు. ప్రయోగశాలలో ఎక్స్‌రే ఆధారిత పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ‘అసలైన రాయి’, ‘పవిత్ర స్థలం నుంచి తెచ్చింది’ అన్న మాటలు పరీక్షా పత్రాలు కావు.

ఇక్కడ ఒక చిత్రమైన విషయం చెప్పుకోవాలి. ప్రాచీన ఈజిప్టు వారి కాటుకలను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు విశ్లేషించి, వాటిలో కొన్ని సీసపు లవణాలను అప్పటివారు కావాలనే తయారు చేశారని చూపారు. ఆ లవణాలు అతి తక్కువ మోతాదులో చర్మ కణాల రోగనిరోధక స్పందనను రేపవచ్చని 2010లో ఇంకో పరిశోధన సూచించింది. సుర్మా కంటికి మంచిదనడానికి దీన్ని సాక్ష్యంగా చూపేవారున్నారు. ఆ వాదన నిలవదు. ప్రయోగశాలలో కొద్దిపాటి లవణంతో వచ్చిన ఫలితం వేరు, రోజూ కంట్లో గెలీనా పెట్టుకుంటే శరీరంలో చేరే సీసం వేరు. సీసానికి హాని చేయని మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కంట్లో పెట్టిన పొడి కన్నీటితో కలిసి నాళం గుండా ముక్కులోకి, అక్కడి నుంచి గొంతులోకి దిగుతుంది. పిల్లలైతే కళ్లు నులుముకున్న వేలినే నోట్లో పెట్టుకుంటారు. మింగిన సీసాన్ని పిల్లల శరీరం పెద్దవారికంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. వారి మెదడు ఎదుగుదలను అది దెబ్బ తీస్తుంది. పురిటి బిడ్డకు దిష్టి తగలకుండా సుర్మా పెట్టే అలవాటు అందుకే ప్రమాదకరం.

పెద్దవారి సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. శరీరం సీసాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. పెద్దవారి ఒంట్లోని సీసంలో 90 శాతం దాకా ఎముకల్లోనే ఉంటుంది, అదీ ఏళ్ల తరబడి. గర్భం దాల్చినప్పుడు బిడ్డ కోసం ఎముకలు కాల్షియాన్ని వదులుతాయి. దానితో పాటు సీసమూ బయటికి వచ్చి, మాయ దాటి బిడ్డకు చేరుతుంది. నెలసరి ఆగిపోయాక ఎముకలు వేగంగా అరగడం మొదలైనప్పుడు మరోసారి ఇదే జరుగుతుంది. ఇరవై ఏళ్ల వయసులో పెట్టుకున్న సుర్మా యాభై ఏళ్ల వయసులో రక్తపోటు మీద, మూత్రపిండాల మీద ప్రభావం చూపవచ్చన్నమాట. ‘మా నానమ్మ జీవితాంతం పెట్టుకుంది, ఏమీ కాలేదు’ అన్న మాటను నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. నానమ్మ రక్తాన్ని ఎవరూ పరీక్షించలేదు.

మరి కళ్లకు నలుపు వద్దా? కావాలంటే మార్గాలున్నాయి. ఆముదం దీపం మసితో ఇంట్లో పట్టే కాటుకలో ఉండేది ప్రధానంగా కర్బనం. పేరున్న కంపెనీల కాజల్ పెన్సిళ్లలో నలుపు ఎక్కువగా ఐరన్ ఆక్సైడుది, కర్బనానిది. రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు కలిపిన సౌందర్య సాధనాలను మన దేశంలో చట్టం నిషేధించింది. కాబట్టి తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉన్న పెట్టెనే కొనాలి. విడిగా పొట్లం కట్టి ఇచ్చేదాన్ని వదిలేయాలి. నలభై దాటాక కళ్లు పొడిబారడం మామూలు. రెప్ప లోపలి అంచున గీసిన కాటుక కన్నీటి పొరలోకి త్వరగా, ఎక్కువగా చేరుతుందని కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధన 2015లో చూపింది. రెప్ప వెంట్రుకలకు వెలుపలి వైపు సన్నగా గీస్తే కంటికి హాయి, చూపుకూ అందం.

గోరింటాకు ఎరుపు, మెహందీ నలుపు

పండుగకు, పెళ్లికి గోరింటాకు లేకుండా జరగదు. ఆకులోని లాసోన్ అనే అణువు చర్మంలోని కెరటిన్‌తో గట్టిగా అతుక్కుంటుంది. మొదట నారింజ రంగులో కనిపించి, ఒకటి రెండు రోజుల్లో గాలి తగిలి ముదురు ఎరుపుకు తిరుగుతుంది. నిమ్మరసపు పులుపు ఆకు నుంచి లాసోన్ విడివడడానికి సాయపడితే, చక్కెర ముద్దను త్వరగా ఎండిపోకుండా ఉంచుతుంది. పండిన రంగు చర్మంలో ఇంకిందే తప్ప పైన పొరలా ఉండదు. అందుకే ముద్ద రాలిపోయాక వజూకు అది అడ్డు కాదని ఆలిములు చెప్పే మాట రసాయనానికీ సరిపోతుంది.

గంటలో నల్లగా పండే మెహందీ మాత్రం గోరింటాకు కాదు. అందులో తరచూ కలిపేది జుట్టు రంగుల్లో వాడే పారాఫినిలీన్ డయామిన్. అది నేరుగా చర్మానికి తగిలితే కొందరిలో రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తు చెరగదు. పదిహేనేళ్లప్పుడు చేతి మీద బొబ్బలు తెచ్చిన అమ్మాయికి నలభై ఐదేళ్లప్పుడు జుట్టుకు రంగు వేసుకుంటే ముఖమంతా వాచిపోవచ్చు. ‘కాలీ మెహందీ’ పేరుతో అమ్మే జుట్టు పొడుల్లో కూడా ఈ పదార్థం ఉండవచ్చు, పెట్టె మీది చిన్న అక్షరాలు చదవాలి. తెల్లబడిన జుట్టుకు ఒట్టి గోరింటాకు నారింజ ఛాయ ఇస్తుంది. ఆ తర్వాత నీలి ఆకు పొడి పెడితే ముదురు గోధుమ రంగు వస్తుంది. ఒట్టి నలుపును చాలామంది ఆలిములు ఇష్టపడరు కాబట్టి ఈ గోధుమ రంగు రెండు విధాలా కలిసొస్తుంది. ఒక్క హెచ్చరిక: పసిపిల్లలకు గోరింటాకు పెట్టకూడదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న బిడ్డల్లో లాసోన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది.

నీరు దాటే పూత ఉందా?

గోళ్ల రంగు ఆరాక మిగిలేది నైట్రోసెల్యులోజ్ పొర. నీరు దాన్ని దాటి గోటిని తాకదు. పోలండ్ రసాయన శాస్త్రవేత్త వోయ్‌చెఖ్ ఇంగ్లోట్ కంపెనీ, కాంటాక్ట్ లెన్సుల్లో వాడే రకం పాలిమర్‌తో గాలి, తేమ ఆవిరి దాటే గోళ్ల రంగును తెచ్చింది. 2013 ప్రాంతంలో ఇది ముస్లిం మహిళల్లో పెద్ద వార్త అయింది. వడపోత కాగితం మీద పూసి, నీటి చుక్క వేసి, కింది కాగితం తడిసిందని చూపే పరీక్షలు అప్పుడే పుట్టాయి. ఆవిరి దాటడం వేరు, ద్రవ జలం దాటడం వేరు. కాగితం మీద వేలితో రుద్దితే పడే ఒత్తిడి, పూత మందం, ఎన్ని పూతలు వేశారన్నది అన్నీ ఫలితాన్ని మార్చేస్తాయి. వజూలో గోటి మీద నీరు ఉండేది కొన్ని క్షణాలే. ‘బ్రీతబుల్’ అని రాసి ఉన్నంత మాత్రాన నీరు గోటిని చేరిందని సైన్సు హామీ ఇవ్వలేదు. ఆలిముల్లోనూ ఏకాభిప్రాయం లేదు. నమాజు మినహాయింపు ఉన్న నెలసరి రోజుల్లోనే రంగు వేసుకుని, తర్వాత తీసేయడమన్న పాత పద్ధతికి ఏ పరీక్షా అక్కర్లేదు. ఎసిటోన్ గోళ్లను ఎండబెడుతుంది కాబట్టి తీసేశాక కొంచెం నూనె రాయాలి.

ముఖం మీది ‘వాటర్‌ప్రూఫ్’ మస్కారా, గంటల తరబడి నిలిచే ఫౌండేషన్లు కూడా ఇలాంటి పొరలే. రోజుకు ఐదుసార్లు ముఖం కడిగేవారికి నీటితో పోయే తేలిక రకాలే నయం. సబ్బుతో పదేపదే కడిగితే నలభై దాటిన పొడి చర్మం మరింత బీటలు వారుతుంది. వజూకు మంచినీళ్లు చాలు. తడి పూర్తిగా ఆరకముందే గ్లిజరిన్ ఉన్న క్రీము రాస్తే ఆ తేమ నిలుస్తుంది. మంగు మచ్చలున్నవారు రంగు కలిపిన సన్‌స్క్రీన్ ఎంచుకోవాలి. అందులోని ఐరన్ ఆక్సైడు, మామూలు సన్‌స్క్రీన్ ఆపలేని కంటికి కనిపించే వెలుగును కూడా కొంత అడ్డుతుంది. మచ్చలు వారంలో పోతాయని చెప్పే, చిరునామా లేని క్రీములను మాత్రం తాకవద్దు. వాటిలో పాదరసం ఉండవచ్చు. కేరళ మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు వచ్చినట్టు వైద్యులు 2023లో బయటపెట్టారు.

ఇక మిగిలింది పెట్టె వెనక చిన్న అక్షరాలు. సిటైల్ ఆల్కహాల్, స్టియరైల్ ఆల్కహాల్ పేర్లు చూసి కంగారు అక్కర్లేదు. అవి మైనంలాంటి కొవ్వు పదార్థాలు, మత్తుకు వాటికీ సంబంధం లేదు. మద్యంలో ఉండేది ఇథనాల్, అది ‘ఆల్కహాల్ డినాట్’ అనో ‘ఇథనాల్’ అనో కనిపిస్తుంది. గ్లిజరిన్ తాటి నూనెదైనా జంతువు కొవ్వుదైనా అణువు ఒకటే, మూలం ఏదో తయారీదారు చెబితేనే తెలుస్తుంది. లిప్‌స్టిక్ ఎరుపులో ‘కార్మైన్’ అనో 75470 అన్న సంఖ్యో కనిపిస్తే, అది కోచినీల్ అనే పురుగుల నుంచి తీసిన రంగు. అది వద్దనుకునేవారు ఐరన్ ఆక్సైడు ఎరుపు ఉన్న ఇటుక రంగు, గోధుమ కలిసిన గులాబీ రంగు చూడవచ్చు. మన ఛాయలకు, ముఖ్యంగా నలభై దాటినవారికి, ఆ రంగులు బాగా కుదురుతాయి.