ఓనరుగారి విమానానికి పైలట్ కావాలంటే

మా వైపు పైలట్ చదువు ఖర్చు ఎకరాల్లో చెబుతారు. "మావాణ్ణి పైలట్ చెయ్యాలంటే ఎంత దిగుతుందండీ?" అని అడిగిన పెద్దమనిషి, అరకోటి అటూ ఇటూ అనగానే మనసులో పొలంగట్టు మీదికి వెళ్లిపోతాడు. లెక్క తప్పు కాదు గానీ, అది సగం లెక్కే. మిగతా సగం లైసెన్సు చేతికొచ్చాక మొదలవుతుంది. ఉద్యోగం ఎవరిస్తారు, ఎవరికిస్తారు, ఏం చూసి ఇస్తారు? ఎయిర్‌లైన్స్ అయితే ప్రకటన, రాతపరీక్ష, సిమ్యులేటర్ పరీక్ష అంటూ ఒక వరస ఉంటుంది. పారిశ్రామికవేత్తల సొంత జెట్లు, చార్టర్ సంస్థలు, ప్రభుత్వ హెలికాప్టర్ల సంగతి వేరు. అక్కడ చాలా ఖాళీలు ప్రకటన లేకుండా ఫోన్లలోనే నిండిపోతాయి. పామర్రు, గుడివాడ, ఉయ్యూరు వైపు నుంచి ఈ రెండో దారి పట్టాలనుకునే పిల్లలకూ, వాళ్ల అమ్మానాన్నలకూ ఈ నాలుగు మాటలు.

ముందు మెడికల్, తర్వాతే పొలం

మొదట చేయాల్సింది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర క్లాస్-2 వైద్య పరీక్ష. తర్వాత క్లాస్-1. కమర్షియల్ లైసెన్సుకు క్లాస్-1 లేనిదే కుదరదు. కళ్లద్దాలున్నంత మాత్రాన ఎవరూ వెనక్కి పంపరు. రంగుల తేడా తెలియకపోతే మాత్రం అది పెద్ద అడ్డంకి. ఒక పుస్తకం ముందు పెట్టి, రంగురంగుల చుక్కల మధ్య దాగిన అంకె చదవమంటారు. ఆ పుస్తకం ముందు కూర్చోకుండానే స్కూల్లో అడ్వాన్సు కట్టి, ఆ తర్వాత తల పట్టుకున్న కుటుంబాలున్నాయి. బేరం పెట్టిన పొలం ఈ రిపోర్టు వచ్చేదాకా ఆగవచ్చు.

ఇంటర్లో ఫిజిక్సు, మ్యాథ్సు ఉండాలన్నది చాలాకాలంగా ఉన్న నిబంధన. ఎంపీసీ వాళ్లకు దిగుల్లేదు. బైపీసీ చదివినవాళ్లు మ్యాథ్సును ఓపెన్ స్కూల్లో విడిగా రాసి పూర్తి చేసుకుంటున్నారు. ఆ తర్వాత డీజీసీఏ దగ్గర కంప్యూటర్ నంబరు తీసుకుని నావిగేషన్, వాతావరణం, రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు రాయాలి. ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి. రేడియోలో మాట్లాడటానికి ఆర్టీఆర్ పరీక్ష వేరే. తెలుగు మీడియం పిల్లలు భయపడేది ఇక్కడే. కానీ కావాల్సింది సాహిత్యపు ఇంగ్లిషు కాదు, కొలిచినట్టున్న పదాలు. గన్నవరం టవరు చెప్పింది చెప్పినట్టు తిరిగి అప్పజెప్పడం వస్తే చాలు. రోజూ అరగంట గట్టిగా చదివితే కొన్ని నెలల్లో నోరు తిరుగుతుంది.

రెండొందల గంటలు

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు బాధ్యత అంతా మీదే అయిన పైలట్‌గా ఉండాలి. రాత్రి ఎగరడం, కేవలం పరికరాలు చూసి ఎగరడం, 300 నాటికల్ మైళ్ల దూరప్రయాణం కూడా వాటిలో భాగమే. సాధారణంగా చివరి పదిహేను గంటలు రెండింజన్ల విమానం మీద చేయిస్తారు. కార్పొరేట్ ఉద్యోగం కావాలంటే ఆ పదిహేను గంటలు వదులుకోకూడదు. కంపెనీలు వాడే కింగ్ ఎయిర్లూ, సైటేషన్లూ రెండింజన్లవే మరి.

మనకు దగ్గర్లో హైదరాబాద్ బేగంపేట ఉంది. ఒకప్పటి ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీ ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర అకాడమీగా అక్కడే ఉంది. ఉత్తరప్రదేశ్‌లో రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లోని ఇగ్రువా కేంద్ర ప్రభుత్వ సంస్థ. ప్రవేశపరీక్ష రాయాలి, సీట్లలో రిజర్వేషన్ ఉంది. ఏ స్కూలైనా సరే, బ్రోషరు పక్కన పెట్టి హ్యాంగర్లోకి తొంగిచూడండి. ఎన్ని విమానాలున్నాయన్నది కాదు, ఈ రోజు ఎన్ని ఎగిరాయన్నది అడగాలి. ఆఫీసు గదిలో కాకుండా బయట టీకొట్టు దగ్గర సీనియర్ విద్యార్థుల్ని అడిగితే, 200 గంటలకు ఎన్ని నెలలు పట్టిందో దాచకుండా చెబుతారు.

ఇక లాగ్‌బుక్. తేదీ, విమానం మీదుండే వీటీ నంబరు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, పగలా రాత్రా, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారా లేదా అన్నీ గళ్లలో రాయాలి. పేజీ అడుగున మొత్తం వేసి కింద సంతకం. ఇంటర్వ్యూలో అనుభవజ్ఞుడైన కెప్టెన్ మీ ముఖం చూడకముందే ఈ పుస్తకం తిప్పుతారు. రెండు మూడు పేజీల మొత్తాలు నోటితోనే కూడి చూస్తారు. గంటలు కలిపి రాయిస్తామనే చోట్లుంటాయి. 2011లో దొంగ మార్కుల జాబితాలతో లైసెన్సులు పొందిన పైలట్లు అరెస్టయినప్పుడు, దేశమంతా పైలట్ల కాగితాలు తిరగేశారు. ఆ వెలుతురులో బయటపడే గంటల కన్నా తక్కువ గంటలే నయం.

లైసెన్సు వచ్చింది, మరి ఉద్యోగం?

హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ కార్మికుడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా 2013లో లైసెన్సు సాధించారు. దాతల సాయంతో అంతదాకా వచ్చాక కూడా రెండింజన్ల శిక్షణకూ, టైప్ రేటింగ్‌కూ డబ్బు లేక ఆగాల్సి వచ్చింది. చివరికి తెలంగాణ ప్రభుత్వం ఆ ఖర్చు భరించింది. ఒక్కో రకం విమానానికి రేటింగ్ విడిగా చేయాలి, అదీ లక్షల్లోనే. అందుకే ఇంట్లో వేసే మొదటి లెక్కలోనే ఈ రెండో మొత్తాన్నీ కలపండి. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పరిధిలోకి వచ్చే కోర్సుల్లో కమర్షియల్ పైలట్ లైసెన్సూ ఉంది. జిల్లా సాంఘిక సంక్షేమ కార్యాలయంలో అడగడానికి మొహమాటపడొద్దు.

ఏ విమానం మీద రేటింగ్ చేయాలన్నది ఉద్యోగం ఖాయమయ్యాక తేల్చుకోవడం మేలు. ముందే చేసేసి, ఆ రకం విమానం ఉన్న సంస్థ కోసం ఊళ్లు తిరగడం నష్టం బేరం.

కార్పొరేట్ సంస్థలకు కొత్తవాళ్లను తీసుకోవాలంటే భయం. భయం వాళ్లది మాత్రమే కాదు, బీమా కంపెనీది కూడా. పైలట్‌కు ఇన్ని గంటలుండాలని పాలసీలోనే రాస్తారు. ఉద్యోగం లేక గంటలు రావు, గంటలు లేక ఉద్యోగం రాదు. ఈ ముడి విప్పడానికి దారులున్నాయి. ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేసి పాఠాలు చెబుతూ గంటలు పెంచుకోవడం ఒకటి. చార్టర్ సంస్థ ఆపరేషన్స్ గదిలో చేరి అనుమతులు, వాతావరణ రిపోర్టులు, ఇంధనం లెక్కలు చూడటం ఇంకొకటి. రెండోది చిన్న పనిగా కనిపిస్తుంది గానీ, కో-పైలట్ సీటు ఖాళీ అయిన రోజు ఆ గదిలో ఉన్నవాడికే ముందు తెలుస్తుంది.

విజయవాడలో పుట్టిన గోపీ తోటకూర 2024 మే 19న బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో అంతరిక్షం అంచుదాకా వెళ్లొచ్చినప్పుడు పత్రికలన్నీ రాకెట్ గురించే రాశాయి. పైలట్ కావాలనుకునేవాళ్లు చూడాల్సింది ఆయన అంతకుముందు చేసిన పని. సీప్లేన్లు, గ్లైడర్లు, వేడిగాలి బెలూన్లు, రోగుల్ని దేశాలు దాటించే మెడికల్ జెట్లు నడిపారు. ఎయిర్‌లైన్స్ బయట కూడా ఆకాశం పెద్దదే. మన దగ్గరా కేజీ బేసిన్ రిగ్గులకు రాజమండ్రి నుంచి హెలికాప్టర్లు తిరుగుతుంటాయి. 2024 నవంబరులో విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ప్రయోగాత్మకంగా ఎగిరింది. 2008లో శంషాబాద్ మొదలయ్యాక బేగంపేట చార్టర్లకూ, వీఐపీలకూ అడ్డా అయింది. హెలికాప్టర్ లైసెన్సు వేరు, విమానం లైసెన్సు వేరు. మొదట్లోనే తేల్చుకోండి.

పని ఎలా ఉంటుందో తెలిసి దిగితే మంచిది. రాత్రి పదింటికి ఫోన్: "రేపు ఆరింటికి బేగంపేట." దిగబోయే చోట రన్‌వే ఎంత పొడవు, ఇంధనం దొరుకుతుందా, చీకటి పడేలోగా తిరిగి రాగలమా అన్నవి మీరే చూసుకోవాలి. ఫ్లాస్కులో టీ పోశారా, సామాను ఎక్కిందా అన్నదీ చాలాచోట్ల కో-పైలట్ పనే. ఆ తర్వాత ఓనరుగారు మీటింగులో ఉన్నంతసేపూ చిన్న ఎయిర్‌పోర్టులో ఎదురుచూపు.

"మనవాడేనా?"

ఇక్కడ అసలు గొడవ మొదలవుతుంది. ఓనర్ల వాదన తీసిపారేయలేం. తన ప్రాణం, కుటుంబం ప్రాణం చేతిలో పెడుతున్నప్పుడు తెలిసినవాళ్లు చెప్పిన మనిషిని తీసుకోవాలనుకోవడం సహజం. విమానంలో మాట్లాడుకున్న వ్యాపార రహస్యం బయటికి పొక్కకూడదు. ఇవన్నీ నిజమే. కానీ "నమ్మకం" అన్న మాట వెనక "మనవాడు" అన్న మాట ఎంత సులువుగా దాక్కుంటుందో మన జిల్లాల్లో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. పైలట్ ఇంటిపేరు విని ఊరూ, వంశమూ ఆరా తీసేవాళ్లకు లాగ్‌బుక్ తెరిచే ఓపిక ఉండదు.

పామర్రు అసెంబ్లీ స్థానం ఎస్సీ రిజర్వుడు. ఇగ్రువా సీట్లలో రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు కాక్‌పిట్ తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ వరస తెగిపోతుంది, ఎందుకంటే ఉద్యోగాల విషయంలో రాజ్యాంగం ఇచ్చిన రిజర్వేషన్ ప్రభుత్వ కొలువులకే. "రిజర్వేషన్ పైలట్ నడిపే విమానం ఎక్కుతారా?" అని వెటకారమాడేవాళ్లకు ఒకటే జవాబు: రెండొందల గంటల్లో, క్లాస్-1 మెడికల్లో కులానికి సడలింపు లేదు. సీటు ఎలా వచ్చినా గాలిలో పరీక్ష అందరికీ ఒకటే. నా మటుకు నాకు, ప్రైవేటు సంస్థలకు కోటా పెట్టడం కన్నా ముందు జరగాల్సినవి ఖాళీని బహిరంగంగా ప్రకటించడం, సిమ్యులేటర్ పరీక్ష పెట్టి మార్కులు రాసి ఉంచడం. నమ్మకం ప్రశ్న ఆ తర్వాత రావాలి.

అమెరికాలో మార్లన్ గ్రీన్ అనే నల్లజాతి పైలట్ వైమానిక దళం నుంచి వచ్చి 1957లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్‌కు దరఖాస్తు చేశారు. జాతి అడిగిన గడి ఖాళీగా వదిలి, ఫొటో పెట్టకుండా పంపారు. పరీక్షకు పిలుపు వచ్చింది. ఉద్యోగాలు మాత్రం ఆయనకన్నా తక్కువ అనుభవమున్న తెల్లవాళ్లకు పోయాయి. 1963లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది, 1965లో ఉద్యోగంలో చేరారు. ఎనిమిదేళ్లు! కంపెనీ జెట్ల విషయంలో అక్కడే జరిగిన ఇంకో వివాదం వయసు మీద. ఎయిర్‌లైన్స్‌కు పెట్టిన వయోపరిమితిని ఎక్సాన్ మొబిల్ తన సొంత పైలట్లకూ వర్తింపజేస్తే కేసు పడింది. 2014లో అప్పీలు కోర్టు కంపెనీ వైపే మొగ్గింది.

మన దేశంలో పైలట్లలో ఆడవాళ్లు 15 శాతం దాకా ఉన్నారని ప్రభుత్వం పార్లమెంటులో చెబుతూ వచ్చింది. ప్రపంచ సగటుకు అది దాదాపు మూడింతలు. అయితే ముగ్గురో నలుగురో పైలట్లుండే చిన్న సంస్థలో "రేపు పెళ్లయితే, పిల్లలైతే?" అన్న ప్రశ్న ఇంకా వస్తూనే ఉంది. నియామకంలో స్త్రీపురుష వివక్ష కూడదని 1976 నాటి సమాన వేతన చట్టం చెప్పింది, 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ మాటుంది. ఆ ప్రశ్న ఎదురైతే గొంతు పెంచాల్సిన పనిలేదు. "రోస్టర్‌కు సంబంధించిన ప్రశ్న అడగండి, చెబుతాను" అంటే చాలు. ఇంటికొచ్చాక తేదీతో సహా రాసి పెట్టుకోండి.

ఇంటర్వ్యూలో మీరు అడగాల్సింది

2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. నేల సరిగా కనిపించని పరిస్థితి అని అప్పట్లో వార్తలొచ్చాయి. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి బయల్దేరిన ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కూలినప్పుడు, విచారణలో చెడ్డ వాతావరణం ప్రస్తావన వచ్చింది. అందుకే మనవైపు పిల్లలు ఇంటర్వ్యూలో తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "వాతావరణం బాగోలేదని నేను ఆగితే, చివరి మాట ఎవరిది?" తడుముకోకుండా "కెప్టెన్‌దే" అన్న చోట చేరండి. "సార్‌కు అర్జెంటు పనులుంటాయి, చూసుకుని వెళ్లాలి" అన్నారంటే జీతం ఎంతైనా నమస్కారం పెట్టి బయటికి రండి.

ఆఫర్ లెటర్ మీద సంతకానికి ముందు బాండు ఎన్నేళ్లో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, ఆ మొత్తం ఏడాదికేడాది తగ్గుతుందో లేదో చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గరే ఉంచాలంటే జిరాక్సులు ఇచ్చి, అసలువి చూపించి వెనక్కి తెచ్చుకోండి. సీటు ఇప్పిస్తానని డబ్బడిగే మధ్యవర్తికి రూపాయి ఇవ్వొద్దు. ఉద్యోగం వచ్చేలోపు మెడికల్ గడువు దాటనివ్వకండి, నెలల తరబడి ఎగరకుండా ఉండకండి. గడువు తీరిన మెడికల్‌తో ఉన్నవాడికి రాత్రి పదింటి ఫోన్ వచ్చినా, పొద్దున ఆరింటికి ఎక్కేది ఇంకొకరే.