ఈస్ట్‌కి అన్ని చక్కెరలూ ఒకటి కావు

పదో తరగతి జీవశాస్త్రంలో ఈస్ట్ ప్రయోగం గ్లూకోజుతో చేయిస్తారు. కార్బన్ డయాక్సైడు వస్తుంది, సున్నపు తేట తెల్లబడుతుంది, పిల్లలు రికార్డు రాసేస్తారు. అక్కడితో ఆపేయడం నాకు నచ్చదు. అదే ఈస్ట్‌కి నాలుగు రకాల చక్కెరలు ఇచ్చి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

పావు లీటరు సీసాలు అయిదు, ఒకే సైజు బెలూన్లు అయిదు, థర్మామీటరు, గ్రాముల తూకం, బేకరీ సామాన్ల కొట్లో దొరికే డ్రై ఈస్ట్ సిద్ధం చేసుకోండి. పంచదార ఇంట్లోనే ఉంటుంది. గ్లూకోజు మెడికల్ షాపులో దొరుకుతుంది గానీ, ప్యాకెట్టు వెనక చదివి పంచదార కలపనిదే తీసుకోండి. మాల్టోజు, లాక్టోజు ల్యాబు కెమికల్స్ అమ్మేచోట అడగాలి.

ఒక్కో సీసాలో 50 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు పోసి, 5 గ్రాముల చొప్పున ఒక్కో చక్కెర కరిగించి, పేరు రాసిన చీటీ అంటించండి. అయిదో సీసాలో ఉత్త నీళ్లే. దండగని చాలామంది వదిలేసేది దీన్నే. నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైన సీసా ఇదే. ఈస్ట్ కణాల్లో ముందే దాచుకున్న ట్రెహలోజు అనే చక్కెర ఉంటుంది, వేడికి సీసాలో గాలి కూడా కాస్త వ్యాకోచిస్తుంది. కాబట్టి చక్కెర లేకపోయినా బెలూను కొద్దిగా కదలొచ్చు. ఆ కొద్దినీ మిగతా సీసాల లెక్కలోంచి తీసేయాలి.

ఇప్పుడు 10 గ్రాముల ఈస్ట్‌ను 38 డిగ్రీల నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మొత్తం 250 మిల్లీలీటర్లు చేయండి. సీసాకు 50 చొప్పున పోయండి. ఈస్ట్ ఊరికే అడుక్కి దిగిపోతుంది. పోసే ప్రతిసారీ కలియబెట్టకపోతే మొదటి సీసాకు పల్చగా, చివరిదానికి చిక్కగా పడి లెక్కంతా తారుమారవుతుంది. ఒకసారి ఊది సాగదీసిన బెలూన్లను మూతులకు తొడిగి, సీసాల్ని 35 నుంచి 40 డిగ్రీల నీళ్ల టబ్బులో నిలబెట్టండి. నీళ్లు మరీ వేడెక్కితే ఈస్ట్ చచ్చిపోతుంది.

పది నిమిషాలకోసారి బెలూను చుట్టూ దారం పెట్టి కొలవండి. గుండ్రటి బెలూను చుట్టుకొలత రెట్టింపయిందంటే లోపలి గాలి ఎనిమిది రెట్లయినట్టు. ఈ లెక్క మరిస్తే తేడాలు ఉన్నవాటికన్నా చిన్నవిగా కనిపిస్తాయి.

గ్లూకోజు సీసా త్వరగా నురగెత్తుతుంది. గ్లూకోజును ఈస్ట్ నేరుగా లోపలికి తీసుకోగలదు. పంచదారది జంట అణువు, గ్లూకోజు, ఫ్రక్టోజు కలిసి ఉంటాయి. అయినా పెద్దగా వెనకబడదు. ఈస్ట్ తన కణం గోడ దగ్గరే ఇన్వర్టేజు అనే ఎంజైముతో దాన్ని విడగొట్టేస్తుంది. మాల్టోజు అలా కాదు. దాన్ని ముందు లోపలికి చేరవేసుకోవాలి, ఆపైన మాల్టేజు విడగొట్టాలి. ఈ రెండు ఏర్పాట్లూ ఈస్ట్ అవసరాన్ని బట్టి చేసుకుంటుంది, అందుకే మొదట్లో మందకొడిగా ఉండి తర్వాత పుంజుకుంటుంది. లాక్టోజు మాత్రం ఉత్త నీళ్ల సీసాలాగే ఉండిపోతుంది. రొట్టెల ఈస్ట్‌కి దాన్ని లోపలికి తెచ్చుకునే దారీ లేదు, విడగొట్టే ఎంజైమూ లేదు.

రికార్డులో ఒక మాట సరిగ్గా రాయండి. ఇక్కడ వచ్చే వాయువులో చాలా భాగం కిణ్వనం వల్లే, అంటే అవాయు శ్వాసక్రియ వల్లే. చక్కెర దండిగా ఉన్నప్పుడు ఆక్సిజన్ అందుతున్నా ఈస్ట్ ఆ దారే పడుతుంది.

లాక్టోజు నిజంగా పనికిరానిదేనా అన్నది తేల్చకుండా వదలకండి. పసిపిల్లల కోసం మెడికల్ షాపులో అమ్మే లాక్టేజు చుక్కలు కొన్ని లాక్టోజు ద్రావణంలో వేసి, అరగంట ఆగి ఈస్ట్ కలపండి. విడివడిన గ్లూకోజును అందుకుని బెలూను లేస్తుంది. అవే చుక్కలు వేసిన ఉత్త నీళ్ల సీసా కూడా పక్కన పెట్టడం మరవద్దు.