రక్తపుపోటు గలవారికి మధుమేహము తోడైనప్పుడు

ఏండ్ల తరబడి రక్తపుపోటుకు మందు పుచ్చుకొనుచున్నవారికి మధుమేహము కూడ కలదని తేలినప్పుడు, తీపి మానినచో చాలునని ఇంటిల్లిపాదియు తలచుదురు. అసలు చిక్కు రాత్రివేళ నున్నది.

సాయంకాలము 6 గంటలకు భుజించి, మరునాడు 8 గంటలవరకు ఏమియు ముట్టని జైనగృహస్థునకు 14 గంటల ఉపవాసము నిత్యకృత్యమే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడువారికి దీనివలన చక్కెర మిక్కిలి పడిపోవుట అరుదు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడువారి సంగతి వేరు. అవి భోజనము లేకున్నను చక్కెరను దించుచునే యుండును. డెసిలీటరు రక్తములో చక్కెర 70 మిల్లీగ్రాములకు తగ్గినచో వణకు, గుండెదడ, చెమట పుట్టును. అయితే రక్తపుపోటుకై ప్రొప్రనొలాల్, అటెనొలాల్ వంటివి వాడువారిలో మొదటి రెండును మరుగుపడవచ్చును. చెమట మాత్రము మిగులును. తడిసిన దిండును చూచి ఇంటివారు ఉక్కపోత యనుకొందురు!

అట్టి వేళ మూడు చిన్న చెంచాల చక్కెర, అనగా సుమారు 15 గ్రాములు, నీట కలిపి త్రాగించి, 15 నిమిషములకు మరల పరీక్షింపవలెను. అది ఔషధమే గాని రాత్రిభోజనము కాదు. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయరాదు; వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

పర్యూషణ, దశలక్షణ పర్వములలో ఉపవసింపగోరువారు కొన్ని వారములు ముందే తమ మందులన్నియు వైద్యునికి చూపి, మోతాదును, వేళలను మార్పించుకొనవలెను. రక్తపుపోటు మాత్రను తమంతట తాము మానరాదు.