చలనచిత్రములో తుపాకి చెప్పు సాక్ష్యము

కృష్ణగిరి దుర్గము నెక్కిన విద్యార్థులకు ఆ నిటారు బండ పరిచితమే. 1791 నవంబరులో మాక్స్‌వెల్ సేన రాత్రివేళ దిగువ కోటను పట్టుకొని పైకోటకు ఎగబ్రాకగా, టిప్పు సుల్తాను సైనికులు బండరాళ్లు దొర్లించి దానిని మరలగొట్టిరి. అప్పటి సైనికుని చేత చెకుముకి తుపాకి ఉండెడిది. మందు, గుండు దట్టించి నిమిషమునకు రెండు మూడు మారులు పేల్చుటయే గొప్ప. ఈ ముట్టడిని చిత్రముగా తీయువారు ఆ సైనికునికి యంత్రతుపాకి నిచ్చినచో మనము నవ్వుదుము. ఎరుగని చోటి కథయైనచో నవ్వము, నమ్ముదుము.

1963లో వెలువడిన ‘ది గ్రేట్ ఎస్కేప్’ అను ఆంగ్లచిత్రము అట్టిది. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులకు చిక్కిన వైమానికుల కథ యది. 1944 మార్చి 24 రాత్రి, నేడు పోలండులో నున్న సాగన్ శిబిరమునుండి 76 మంది సొరంగము ద్వారా వెలువడిరి. తుదకు తప్పించుకొన్నవారు ముగ్గురే. పట్టుబడిన 73 మందిలో 50 మందిని హిట్లరు ఆజ్ఞపై రహస్య పోలీసులు చంపిరి.

చిత్రములో బందీలను ఒక బయలున దింపి, యంత్రతుపాకితో ఒక్కుమ్మడిగా కూల్చినట్లు చూపిరి. మూడు గంటలలోపు చిత్రమున ఏబది చావులను వేరువేరుగా చూపుట కష్టమే. కాని జరిగినది వేరు. ఒకరిద్దరినిగా, చిన్న గుంపులుగా, పలుచోట్ల దారిప్రక్కన చంపిరి. నాయకుడగు రోజర్ బుషెల్‌ను, అతని సహచరుని మార్చి 29న కారులో కొనిపోయి, దారిలో దింపి, పిస్తోలుతో వెనుకనుండి కాల్చిరి.

ఆయుధము మారినచో నేరము స్వరూపమే మారును. యంత్రతుపాకిని చూడగనే మనకు యుద్ధరంగము స్ఫురించును. పిస్తోలు జేబులో దాగునది. 1929 నాటి జెనీవా ఒడంబడిక ప్రకారము, పారిపోయి పట్టుబడిన బందీకి 30 దినముల నిర్బంధమునకు మించిన శిక్ష కూడదు. కావున పోలీసులకు ఒక బొంకు కావలసివచ్చెను: మరల పారిపోబోగా కాల్చితిమని. ఏబది శవములు ఒక్కచోట పడియున్నచో ఆ మాట నిలుచునా?

అయినను అది నిలువలేదు. శిబిరాధికారి మరణవార్త తెలుపగా, బందీలలో పెద్దయైన మాసీ, గాయపడినవారెందరని అడిగెను. ఒక్కరును లేరని సమాధానము వచ్చెను. పరుగెత్తువారిపై కాల్చిన తూటాలలో ఒక్కటియైనను కాలికో చేతికో తగులకుండుట వింతయే కదా!

1947లో హాంబర్గు నగరమున 18 మందిని విచారించి, వారిలో 13 మందిని 1948లో ఉరితీసిరి. బుషెల్‌ను చంపినచోట పిస్తోలు పేల్చిన షుల్జ్ వారిలో ఒకడు.